64 చుక్కల్లో ‘ప’ ఎక్కడుంది: కావలి నుంచి ఒక ప్రాజెక్టు డైరీ

ఏం కట్టాలి

చెదిరిపోయిన అక్షరం చూపిస్తే అసలు అక్షరాన్ని తనే పూర్తి చేసుకునే ఎల్‌ఈడీ పలక కావాలి. లోపల అక్షరాల జాబితా పెట్టుకుని ఒక్కొక్కటీ పోల్చి చూస్తే కుదరదు, అది పుస్తకం తిరగేయడమే అవుతుంది. జ్ఞాపకమంతా చుక్కకీ చుక్కకీ మధ్య ఉన్న బలాల్లోనే ఉండాలి. పద్యనాటకం రిహార్సల్లో మొదటి రెండు మాటలు అందిస్తే మిగతా పద్యం రాగంతో సహా వచ్చేస్తుంది చూడండి, ఆ పనిని ప్రదర్శనలో స్కూలు పిలకాయలు బల్ల మీద చేత్తో తిప్పి చూసేలా ఉండాలి.

మోడల్ కొత్తదేం కాదు. జాన్ హాప్‌ఫీల్డ్ 1982లో ప్రచురించిన నెట్‌వర్క్ ఇది. 2024లో జెఫ్రీ హింటన్‌తో కలిపి ఆయనకు భౌతికశాస్త్ర నోబెల్ వచ్చాక ఆ పేరు మళ్లీ వినపడింది. మెదడులో దీనికి దగ్గరగా కనిపించేది, కొత్త జ్ఞాపకాలకు కీలకమైన హిప్పోక్యాంపస్‌లోని సీఏ3 అనే భాగం. అక్కడి కణాలు తమలో తాము విపరీతంగా ముడిపడి ఉంటాయి. ఎలుకలో సుమారు మూడు లక్షల సీఏ3 కణాలుంటే, ఒక్కో కణానికి తోటి సీఏ3 కణాల నుంచే దాదాపు పన్నెండు వేల సినాప్సులు (కణం నుంచి కణానికి సంకేతం దాటే చోట్లు) అందుతాయి.

రోజు 1: సామాను

ఆర్డుయినో ఊనో అనే చిన్న కంప్యూటర్ బోర్డు ఒకటి, చుక్కల్ని వెలిగించే మ్యాక్స్ 7219 చిప్పు ఉన్న 8×8 ఎల్‌ఈడీ మాడ్యూల్ ఒకటి, 10 కిలోఓమ్ పొటెన్షియోమీటర్ (తిప్పుడు మీట) ఒకటి, నొక్కుడు బటన్లు మూడు (నేర్చుకో, చెదరగొట్టు, గుర్తుతెచ్చుకో), 10 మైక్రోఫారడ్, 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్లు ఒక్కోటి. అడుగున పీఠానికి చీమకుర్తి గ్రానైట్ కటింగ్‌లో మిగిలిన ముక్క. ఎంతమంది పిలకాయలు నొక్కినా జరగదు. కాకపోతే గ్యాలక్సీ గ్రానైట్ పాలిష్ వైపు పలక వెలుతురుని తిప్పికొట్టి అక్షరం కింద తలకిందుల అక్షరం ఇంకోటి చూపించింది. ముక్కను బోర్లించి గరుకు వైపు పైకి పెట్టాం.

మాడ్యూల్ డేటా 11కి, సెలెక్ట్ 10కి, క్లాక్ 13కి. బటన్లకు విడిగా రెసిస్టర్లు అక్కర్లేదు, ఊనో లోపలున్న పుల్‌అప్ రెసిస్టర్లే చాలు. మాడ్యూల్‌కి రెండు పక్కలా ఐదేసి పిన్నులుంటాయి. ఒక పక్క లోపలికి, ఇంకో పక్క బయటికి. బయటికి పోయే పక్కన వైర్లు పెడితే ఏమీ వెలగదు, ఏమీ కాలదు, గంటసేపు కోడ్‌నే అనుమానిస్తూ కూర్చోవాల్సి వస్తుంది. మరికొన్ని మాడ్యూళ్లలో అక్షరం పక్కకు పడుకుంటుంది. దానికి వరుసల్ని నిలువుల్ని కోడ్‌లో తారుమారు చేయాలి తప్ప పలకను తిప్పి బిగించకూడదు, పిన్నులకు చోటు చాలదు.

రోజు 2: బలాలు ఎక్కడ పెట్టాలి

64 చుక్కలు. ప్రతి జతకీ ఒక బలం. 64 × 63 ÷ 2 = 2016 బలాలు.

నేర్పే సూత్రం ఒక్క వాక్యం: అక్షరంలో రెండు చుక్కలు ఒకేలా ఉంటే (రెండూ వెలుగు, లేదా రెండూ చీకటి) ఆ జత బలానికి 1 కలుపు, వేరుగా ఉంటే 1 తీసెయ్. డొనాల్డ్ హెబ్ 1949లో చెప్పిన ఊహకి (కలిసి ఉత్తేజితమయ్యే కణాల మధ్య బంధం బలపడుతుందని) ఇది మోటు రూపం. నిజమైన సినాప్సులో ఈ పని చేసేది ఎన్ఎండీఏ రిసెప్టర్, అంటే రసాయన సంకేతం అందుకుని తెరుచుకునే ఒక ద్వారం. బ్యాంకు లాకర్ లాంటిది: మన తాళంచెవి, మేనేజరు తాళంచెవి రెండూ ఒకేసారి పడితేనే తెరుచుకుంటుంది. అవతలి కణం నుంచి గ్లూటమేట్ అనే రసాయనం రావడం ఒక తాళంచెవి. ఇవతలి కణం అప్పటికే ఉత్తేజితమై, రంధ్రానికి అడ్డంపడ్డ మెగ్నీషియం అయాన్ తొలగిపోవడం రెండోది. రెండూ కుదిరితే కాల్షియం లోపలికి వస్తుంది, ఆ వెనక గ్లూటమేట్‌ని అందుకునే ఏఎంపీఏ అనే మరో రకం రిసెప్టర్లు పెరిగి సినాప్సు బలపడుతుంది. ఇలా బలపడింది చాలాసేపు నిలుస్తుందని బ్లిస్, లోమో 1973లో కుందేలు హిప్పోక్యాంపస్‌లో చూపించారు.

ఇక అసలు ఇబ్బంది. ఊనోలో ఎస్‌ర్యామ్ (ప్రోగ్రామ్ నడుస్తున్నప్పుడు వాడుకునే చోటు) 2048 బైట్లు. బలానికో బైటు చొప్పున 2016 పోతే మిగిలేది 32. దాంతో ప్రోగ్రామ్ నడవదు, మధ్యలో తనకు తానే రీసెట్ అవుతుంది. పెద్ద బోర్డు కొనొచ్చు గానీ అంతకన్నా ముచ్చటైన దారి ఉంది. నేర్పే అక్షరాలు 7కి మించకపోతే ఏ బలమూ −7 నుంచి +7 దాటదు. ఆ మాత్రానికి 4 బిట్లు చాలు. బైటుకు రెండు బలాలు కుక్కితే 1008 బైట్లు. ఊనోలోని ఈఈప్రామ్ 1024. అంటే కరెంటు తీసినా పోని చోట మొత్తం జ్ఞాపకం పట్టి, ఇంకా 16 బైట్లు మిగులుతాయి. ఎన్ని అక్షరాలు నేర్చుకుందో ఆ లెక్క అందులో ఒక బైటులో రాసుకోవచ్చు.

జత చిరునామా: పెద్ద నంబరు చుక్క i, చిన్నది j అయితే i × (i − 1) ÷ 2 + j. చివరి జత 63, 62. దాని చిరునామా 2015 రావాలి. 1954 వస్తే i, j తారుమారయ్యాయని అర్థం.

రోజు 3

ఏ అక్షరం నేర్పినా, గుర్తుతెచ్చుకో నొక్కగానే పలకంతా వెలిగిపోతోంది, లేదా మొత్తం ఆరిపోతోంది. కారణం: 4 బిట్లలో −3ని దాస్తే, తిరిగి చదివేటప్పుడు 13గా వస్తోంది. చదివిన అంకె 7 దాటితే 16 తీసేయాలి. ఒక్క లైను.

ఇలాంటి తప్పుల్ని పట్టుకోడానికి ఒక కొలత పెట్టుకోండి. ప్రతి జతకీ బలం × ఒక చుక్క స్థితి × రెండో చుక్క స్థితి (వెలుగు +1, చీకటి −1) అన్నీ కలిపి గుర్తు మార్చండి. దాన్నే ఈ నెట్‌వర్క్ ఎనర్జీ అంటారు. చుక్కల్ని ఒక్కొక్కటిగా మారుస్తుంటే ఇది తగ్గాలి, లేదా అలాగే ఉండాలి. ఒక్కసారి పెరిగినా కోడ్‌లో తప్పుంది, ఇంకో మాట లేదు. కంప్యూటర్ తెర మీద సీరియల్ ప్లాటర్‌లో గీసిన ఆ ఎనర్జీ గీత కిందికి దిగి బల్లపరుపుగా ఆగిపోవడం పలక కన్నా చూడముచ్చటగా ఉంది.

రోజు 5: అందరూ ఒకేసారి మాట్లాడకూడదు

64 చుక్కలకూ కొత్త స్థితి ఒకేసారి లెక్కేసి ఒకేసారి మారిస్తే, కొన్నిసార్లు పలక రెండు బొమ్మల మధ్య ఊగుతూ ఉండిపోతుంది. వైరు లూజు అనుకుని సోల్డరింగ్ మళ్లీ చేయకండి. ఇది లెక్కలోనే ఉన్న గుణం. చుక్కల్ని ఒకదాని తర్వాత ఒకటి, యాదృచ్ఛిక వరుసలో మార్చాలి. ప్రతిసారీ ఒకే యాదృచ్ఛిక వరుస రాకుండా, ఏమీ తగిలించని ఏ5 పిన్ను చదివిన విలువను విత్తనంగా (మొదలు అంకెగా) ఇవ్వాలి. ఒక చుక్కకు మిగతా చుక్కలన్నీ బలం × తమ స్థితి చొప్పున ఓటేస్తాయి, మొత్తం ఎటు మొగ్గితే చుక్క అటు మారాలి. ఓట్లు సరిసమానమైతే ఆ చుక్కను ముట్టుకోవద్దు.

చుక్కకీ చుక్కకీ మధ్య 30 మిల్లీసెకన్లు ఆపాలి. ఒక రౌండుకి దాదాపు 2 సెకన్లు పడుతుంది. ఆపకపోతే అక్షరం టక్కున ప్రత్యక్షమై, చూసేవాళ్లకు స్విచ్చు వేసినట్టే ఉంటుంది. అక్షరం చీకట్లోంచి తేరుకుంటున్నట్టు కనిపించాలి, అందుకే ఈ నెమ్మది.

రోజు 6

పొటెన్షియోమీటర్‌తో 0 నుంచి 40 చుక్కల దాకా చెదరగొట్టొచ్చు. ఒక్క అక్షరమే నేర్పినప్పుడు 32 చుక్కలకన్నా ఎక్కువ తిరగేస్తే అక్షరం నెగెటివ్‌గా వస్తుంది: వెలుగు ఉన్న చోట చీకటి, చీకటి ఉన్న చోట వెలుగు. ఈ నెట్‌వర్క్‌కి వెలుగూ చీకటీ సమాన హోదా కాబట్టి ప్రతి జ్ఞాపకానికీ దాని నెగెటివ్ కూడా ఒక జ్ఞాపకమే. మెదడులో దీనికి సాటి వెతక్కండి. అక్కడ కణం ఫైర్ కావడం, ఊరకుండడం సమానం కావు.

రోజు 8: ప, ష, వ

ఈ ప్రాజెక్టులో చెప్పుకోదగ్గ రోజు ఇదే.

పుస్తకాల లెక్క ప్రకారం ఈ నెట్‌వర్క్ సామర్థ్యం చుక్కల సంఖ్యలో 0.138 వంతు. ఇది ఆమిత్, గుట్‌ఫ్రాయిండ్, సోంపోలిన్‌స్కీ 1985లో తేల్చినది. 64 చుక్కలకు దాదాపు 8.8. మన పరిమితి 7 కనుక నిశ్చింతగా ఉండొచ్చనుకున్నాం. మూడో అక్షరం దగ్గరే బోల్తా పడింది. బటన్ నొక్కుతున్న పిలకాయ అన్న మాట: “ఏంది సార్, రెండూ ఒకటే అయిపోతా ఉండాయే!”

ఆ 0.138 ఒకదానితో ఒకటి సంబంధం లేని యాదృచ్ఛిక బొమ్మలకు. తెలుగు అక్షరాలు అలాంటివి కావు. ‘ప’ పొట్టలో చిన్న గీత పెడితే ‘ష’, పైన మూత వేస్తే ‘వ’. మేం గీసుకున్న 8×8 అచ్చుల్లో ‘ప’కీ ‘ష’కీ తేడా 5 చుక్కలే. మిగతా 59 చోట్ల రెండూ ఒకటే. పోలిక 59 − 5 = 54. ‘ప’కీ ‘వ’కీ తేడా 17 చుక్కలు, పోలిక 47 − 17 = 30.

పలక మీద మచ్చలేని ‘ప’ ఉందనుకోండి. తేడా ఉన్న ఆ 5 చుక్కల్లో ఒకదాని దగ్గర కూర్చుని ఓట్లు అక్షరాల వారీగా లెక్కపెట్టండి: పలక మీది బొమ్మతో ఏ అక్షరానికి ఎంత పోలికో దానికన్ని ఓట్లు. ‘ప’ తన పక్షాన 64 వేస్తుంది. ‘ష’ ఎదురుగా 54 వేస్తుంది. చుక్క తన ఓటు తనే వేసుకోకూడదు గనక, నేర్చుకున్న అక్షరానికొకటి చొప్పున 3 తీసేయాలి. మెజారిటీ 7. ఇప్పుడు ‘వ’ వచ్చి తన 30 ఓట్లు ఏ పక్కన పడేస్తే ఆ పక్కే గెలుపు. ‘ష’ నుంచి మొదలుపెట్టి లెక్కేసినా ‘వ’ పోలిక 20కి తగ్గదు, మెజారిటీ మాత్రం ఆ ఏడే. అందుకే ఐదు చుక్కల్లోనూ ‘వ’ చెప్పిందే నడిచి, ప, ష రెండూ ఒకే బొమ్మలో కూలబడుతున్నాయి. ‘ప’, ‘ష’ రెండే నేర్పిన రోజున ఏ గొడవా లేదు: 64 − 54 − 2 = 8, గట్టెక్కేస్తుంది. పలకలో చోటు నిండక ముందే పోలికలు దెబ్బతీశాయి.

చాలామంది మరుపుని నిండిన గిడ్డంగిలా ఊహించుకుంటారు. ప్రదర్శనలో గోడకు పెట్టమని వచ్చిన చార్టుల్లో ఒకదాని మీద మెదడు కెపాసిటీ ఇన్ని పెటాబైట్లని, ఇంకోదాని మీద మనం మెదడులో పది శాతమే వాడతామని ఉంది. రెండూ పక్కన పెట్టేశాం. రెండోది శుద్ధ అబద్ధం. మొదటిది తప్పుడు ప్రశ్నకు సమాధానం. చోటు ఎంతుందన్నది కాదు, దగ్గరి పోలికలున్న రెండు సంగతులు ఒకదాన్నొకటి తినేయకుండా ఎలా ఉంటాయన్నదే ప్రశ్న. నిన్న బండి ఎక్కడ పార్క్ చేశామో, మొన్న ఎక్కడ చేశామో కలగాపులగమయ్యేది ఇందుకే. రెండూ ఒకే బజారు, ఒకే బండి, ఒకే సాయంత్రం వేళ.

రోజు 9: మధ్యలో కరెంటు పోతే

ఈఈప్రామ్‌లో ఒక బైటు రాయడానికి దాదాపు 3.3 మిల్లీసెకన్లు. కొత్త అక్షరం నేర్చుకుంటే ప్రతి బలమూ 1 పెరగడమో తగ్గడమో ఖాయం, కాబట్టి 1008 బైట్లూ తిరగరాయాలి: సుమారు 3.3 సెకన్లు. ఈ లోపల ప్లగ్గు పీకి చూడండి. పాత అక్షరాలు బాగానే వస్తాయి. కొత్తది సగంలో ఆగితే, చిరునామాల వరుస ప్రకారం మొదటి 45 చుక్కల మధ్య బలాలు మాత్రమే పడి ఉంటాయి. అంటే పై ఐదు వరుసలు, ఆరో వరుసలో ఐదు చుక్కలు. అక్షరం తల వస్తుంది, కాళ్లు రావు.

దీన్ని ప్రదర్శనలోనే పెట్టాం, ఎందుకంటే తలకు దెబ్బ తగిలినవాళ్లు చిన్ననాటి సంగతులు చెప్పగలిగి, దెబ్బకు ముందు కాసేపు ఏం జరిగిందో చెప్పలేకపోవడాన్ని ఇది కొంత గుర్తుచేస్తుంది. కొంతే. మెదడులో స్థిరపడే పని సెకన్లలో ముగియదు. సినాప్సు స్థాయిలో కొత్త ప్రొటీన్లు తయారవడానికి గంటలు, హిప్పోక్యాంపస్ మీద ఆధారపడటం తగ్గడానికి ఇంకా చాలా ఎక్కువ కాలం పడుతుంది. 1953లో మూర్ఛకు చేసిన ఆపరేషన్‌లో రెండు వైపులా హిప్పోక్యాంపస్ చాలా భాగం తీసేసిన హెన్రీ మొలైసన్‌కి బాల్యం గుర్తుంది. కొత్త సంగతులు మాత్రం నిలవలేదు. అయినా అద్దంలో చూస్తూ నక్షత్రం గీసే పనిలో రోజురోజుకీ చెయ్యి తిరిగింది. ఆ పని ముందు చేసినట్టు మాత్రం ఆయనకు గుర్తుండేది కాదు. బ్రెండా మిల్నర్ దీన్ని నమోదు చేశారు. కనక “ఈఈప్రామ్ అంటే కార్టెక్స్, ఎస్‌ర్యామ్ అంటే హిప్పోక్యాంపస్” అని రాసిన లేబుల్ చించేశాం.

రోజు 11: పప్పు, ఉప్పు, చెప్పు

పక్క బల్ల మీద మనుషుల పరీక్ష. ఎలక్ట్రానిక్స్ లేదు, రెండు కార్డుల కట్టలు.

మొదటి జాబితా: పప్పు, ఉప్పు, చెప్పు, కప్పు, నిప్పు, డప్పు. రెండోది: చెట్టు, గిన్నె, పిల్లి, లడ్డు, కొమ్మ, బుర్ర. సెకనుకొక మాట, ఒకే గొంతుతో చదవాలి. ఆరూ అయ్యాక అదే వరుసలో రాయాలి. వరుస తప్పితే తప్పే. మొదటి జాబితాలో చతికిలపడతారు. చెవికి ఒకేలా వినపడేవి తాత్కాలిక జ్ఞాపకంలో కలిసిపోతాయని కాన్రాడ్ 1964లో, బ్యాడ్లీ 1966లో చూపించినది ఇదే. పలక మీద ప, ష చేసిన పని ఇక్కడ పప్పు, ఉప్పు చేస్తాయి.

రెండో జాబితా ఎంపికలో మొదట పొరపాటు జరిగింది. మేక, తాడు, చెవి, పొగ అని పెట్టాం. వీటిలో చెవి, పొగ లాంటివి పలకడానికి తక్కువ సమయం తీసుకుంటాయి. తాత్కాలిక జ్ఞాపకం లోలోపల మాటల్ని వల్లెవేసుకుంటూ నిలబెట్టుకుంటుంది గనక పొట్టి మాటలకు ఎలాగూ మొగ్గు ఉంటుంది. ద్విత్వం ఉన్న మాటలకు ద్విత్వం ఉన్నవే జోడీ పెట్టాలి. చదివేవాళ్లు మూడేసి మాటలకు ఆగి రాగం తీస్తే కూడా ఫలితం చెడుతుంది, వినేవాళ్లకు కట్టలు కట్టి ఇచ్చినట్టే.

అంకెలతో చేసేవాళ్లకు ఒక హెచ్చరిక. ఒకటి నుంచి తొమ్మిది దాకా తెలుగులో పలికితే 23 అక్షరాలు. ఎనిమిది ఒక్కటే నాలుగు. ఫోన్ నంబరు తెలుగులో చెప్పేవాళ్లు కనపడరు, అందరూ నైన్, ఎయిట్ అనేవాళ్లే. పిలకాయ మనసులో ఏ భాషలో వల్లెవేస్తున్నాడో ముందే అడిగి రాసుకోకపోతే ఇద్దరి స్కోర్లు పోల్చడం దండగ.

కార్డులు చూపిస్తూ, చూసేవాళ్లను “కా కా కా” అని ఆపకుండా అనమనండి. మొత్తం స్కోరు పడిపోతుంది, కానీ రెండు జాబితాల మధ్య తేడా దాదాపు చెరిగిపోతుంది. లోపలి వల్లెవేత ఆగిపోతే మాటల ధ్వని లోపలికి చేరే దారి మూసుకుపోయినట్టే. అష్టావధానంలో అప్రస్తుత ప్రసంగం చేసేవారి ఉద్యోగం దాదాపు ఇలాంటిదే, కాకపోతే అక్కడ అవధానికి ఛందస్సు, యతి, ప్రాస పట్టుకొమ్మలుగా ఉంటాయి.

రోజు 13 నుంచి: ప, షలను విడదీయడం

మెదడు ఈ చిక్కుని సీఏ3కి ముందున్న మజిలీలోనే విప్పుతుంది. డెంటేట్ గైరస్ అనే చోట కణాలు చాలా ఎక్కువ, వాటిలో ఒకేసారి పనిచేసేవి చాలా తక్కువ. ఎలుకలో లోపలికి సమాచారం తెచ్చే ఎంటోరైనల్ రెండో పొర కణాలు లక్ష చిల్లరైతే, డెంటేట్ గ్రాన్యూల్ కణాలు దాదాపు పది లక్షలు. దగ్గర పోలికలున్న రెండు బొమ్మలు అంత విశాలమైన చోట చాలా వరకు వేరువేరు కణాల్ని తట్టి లేపుతాయి.

ఊనో వల్ల ఇది కాదు. ఇంకా ఎక్కువ జ్ఞాపకం ఉన్న ఈఎస్‌పీ32 బోర్డు తీసుకున్నాం. 256 కణాలు. ఒక్కోటి 64 చుక్కల్లో యాదృచ్ఛికంగా ఎంచిన 12 చుక్కల్ని మాత్రమే చూస్తుంది, వాటికీ యాదృచ్ఛికంగా + లేదా −. అందరికన్నా ఎక్కువ మొత్తం వచ్చిన 10 కణాలే వెలుగుతాయి. ఇక్కడ బలాలకు 0, 1 చాలు: ఎప్పుడైనా ఇద్దరూ కలిసి వెలిగితే 1. మొత్తం 32,640 జతలు, 4 కిలోబైట్లలో పట్టేస్తాయి. ‘ప’, ‘ష’ ఇప్పుడు వేరువేరుగా నిలబడుతున్నాయి.

వెంటనే కొత్త సమస్య. చెదిరిన ‘ప’ ఇస్తే గుర్తుపట్టడం లేదు. ఆలోచిస్తే న్యాయమే: చిన్న తేడాని పెద్దది చేసే యంత్రం ‘ష’ తేడానీ పెద్దది చేస్తుంది, చెదిరిన చుక్కల తేడానీ పెద్దది చేస్తుంది. దానికి రెండూ ఒకటే. 1992లో ట్రెవెస్, రోల్స్ ఇచ్చిన వివరణ ఇక్కడ అక్కరకొచ్చింది. డెంటేట్ నుంచి సీఏ3కి వచ్చే మాసీ ఫైబర్లు అనే తీగలు నేర్చుకునేటప్పుడు గట్టిగా నొక్కి చెప్పడానికి, ఎంటోరైనల్ నుంచి సీఏ3కి నేరుగా వచ్చే పెర్ఫొరెంట్ దారి గుర్తుతెచ్చుకునేటప్పుడు సూచన అందించడానికి. కాబట్టి నేర్చుకో నొక్కినప్పుడు విడదీసే పొర పనిచేయాలి, 64 చుక్కల నుంచి 256 కణాలకు నేరు తీగలు కూడా అప్పుడే 0, 1 బలాలు రాసుకోవాలి. అవి 16,384, అంటే 2 కిలోబైట్లు. గుర్తుతెచ్చుకో నొక్కితే విడదీసే పొరను పక్కనపెట్టి నేరు తీగల్నే నమ్మాలి. సీరియల్ మానిటర్‌లో ఇది పనిచేస్తోంది.

పలక మీద ఇంకా కాదు. 256 కణాలకు నాలుగు మాడ్యూళ్లు, అక్షరానికి ఒకటి, మొత్తం ఐదు వరుసగా కలిపాం. పిచ్చిపిచ్చి చుక్కలు వస్తున్నాయి. 5 వోల్టులతో నడిచే మ్యాక్స్ 7219 కనీసం 3.5 వోల్టులుంటేనే ‘1’గా ఒప్పుకుంటుంది. ఈఎస్‌పీ32 ఇచ్చేది 3.3. ఒక మాడ్యూల్‌తో అదృష్టం కొద్దీ నడిచినా ఐదింటితో నడవదు. మధ్యలో 3.3 వోల్టుల సంకేతాన్ని 5 వోల్టులకు ఎత్తే 74హెచ్‌సీటీ125 చిప్పు పెట్టాలి. కరెంటు కూడా చూసుకోవాలి: మామూలుగా 256లో 10 చుక్కలే కనుక వాడకం అతి తక్కువ, కానీ ఆన్ చేసిన క్షణంలో అన్నీ ఒక్కసారిగా వెలిగితే మాడ్యూల్‌కి 320 మిల్లీఆంపుల దాకా లాగి, ఐదూ కలిసి యూఎస్‌బీ పోర్టుని కూల్చి బోర్డుని రీసెట్ చేస్తాయి. వెలుగు స్థాయి 15లో 2కి దించాం, 5 వోల్టుల 2 ఆంపుల అడాప్టర్ విడిగా పెట్టాం, ప్రతి మాడ్యూల్ దగ్గరా ఒక 10 మైక్రోఫారడ్ తగిలించాం. సముద్రపు గాలికి జంపర్ వైర్ల మొనలు అప్పుడే నల్లబడుతున్నాయి కాబట్టి, 125 చిప్పు వచ్చాక బ్రెడ్‌బోర్డ్ తీసేసి అన్నీ సోల్డర్ చేయాలి. ఆ తర్వాత మొదట నేర్పాల్సినవి ప, ష, వ, ఆ మూడే.